‘ఆగు’ అంటే ‘ఆగే’ అని వినబడితే

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ఆవరణ అనుకోండి. లోడు ఎత్తుకున్న లారీ మెల్లగా ముందుకు కదులుతోంది. టైరుకు రెండడుగుల దూరంలో ఒక మనిషి వంగి, జారిపడ్డ బస్తా సర్దుతున్నాడు. అది చూసి మనవాడొకడు గొంతు చించుకుంటాడు: ‘‘ఆగు! ఆగు!’’ డ్రైవరుది బిహార్. అతని చెవికి అది ‘ఆగే, ఆగే’ అని సోకుతుంది. హిందీలో ఆ మాటకు ‘ముందుకు’ అని అర్థం. మనవాడు ఎంత గట్టిగా అరిస్తే అతను అంత నమ్మకంగా ముందుకు పోనిస్తాడు.

అదే రోజు రాత్రి ఇంకోచోట. పుణెలో స్లాబు పని చేసే మనిషి కోస్గి పక్క ఊళ్లో ఉన్న ఇంటికి ఫోన్ చేస్తాడు. ‘‘ఈ వారం పైసలొస్తయా?’’ అని భార్య అడుగుతుంది. ‘‘ఆఁ, అయితది తియ్’’ అంటాడు. మేస్త్రీ ఇస్తానన్నాడు గానీ చేతికొచ్చేదాకా నమ్మకం లేదని అతని మనసులో ఉంది. ఆమె మాత్రం పని అయిపోయినట్టే అనుకుంటుంది. మిత్తికి ఇచ్చినాయనతో ‘‘ఐతారం ఇస్తం’’ అని మాట ఇస్తుంది. ఐతారం నాడు పైసలు రావు. మిత్తాయన మాత్రం పొద్దుగాలనే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఆ రాత్రి ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా కొట్లాటే.

మిల్లు దగ్గర భాష తెలియక మాట తప్పింది. ఇంటి దగ్గర ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే భాష, పదేండ్ల కాపురం. అయినా తప్పింది. రెండింటికీ వేరు ఒకటే: నేనన్నది నేననుకున్నట్టే అవతల అందిందని ధీమాగా ఉండడం. ఇంటివాళ్లయితే ‘వాళ్లకు తెలువదా’ అని సగం మాట మింగేస్తాం. పరాయివాళ్లయితే ‘వాళ్లకు ఎక్కదు’ అని గొంతు పెంచుతాం. దీన్ని తిరగేసి చూడమని చెప్పడానికే ఈ వ్యాసం. ఇంటివాళ్లకు పరాయివాళ్లకు చెప్పినట్టు విప్పి చెప్పాలి. పరాయివాళ్లతో ఇంటివాళ్లతో మాట్లాడినట్టు నిదానంగా, వరస కలిపి మాట్లాడాలి.

పోయేటోళ్లు, వచ్చేటోళ్లు

ఈ సంగతి నల్లగొండ, పాలమూరు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దేశంలో పెద్ద ప్రాజెక్టు ఎక్కడ కట్టినా మట్టిపనికి పాలమూరు కూలీ పోయాడు. ముంబైలో కామాటిపుర అనే పేటకు ఆ పేరు తెలంగాణ నుంచి పోయిన కామాటి కూలీల వల్లే వచ్చింది. సోలాపూర్, భివండి మగ్గాల పేటల్లో మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. నారాయణపేట, మక్తల్, కోస్గి పల్లెల్లో ముంబై బస్సు ఏ పొద్దున పోతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు దారి రెండు వైపులా నడుస్తోంది. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసేది ఎక్కువగా బిహార్ హమాలీలే. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీల్లో, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టినచోట హిందీ, ఒడియా, బెంగాలీ వినబడతాయి. భువనగిరి వైపు ఇటుక బట్టీలకు పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి.

లాక్‌డౌన్‌లో దేశంలోనే తొలి శ్రామిక్ రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో బయలుదేరింది. అదే నెలలో బిహార్‌లోని ఖగడియా నుంచి మరో రైలు రైస్ మిల్లు కూలీలను ఎక్కించుకొని లింగంపల్లికే వచ్చింది. వాళ్లు లేకపోతే మిల్లు నడవదని అప్పుడు అందరికీ అర్థమైంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందిదీ మన రాష్ట్రం కాదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లు. మన నీళ్ల కోసం తవ్వే ఒక్క సొరంగంలో నాలుగు ప్రాంతాల మనుషులు పక్కపక్కన పని చేశారు.

కాబట్టి ఈ సలహాలు పోయినవాళ్లకూ పనికొస్తాయి, వచ్చినవాళ్లతో పని చేసేవాళ్లకూ పనికొస్తాయి.

ఫోన్‌లో కాపురం

ఊళ్లో ఉన్నప్పుడు సగం మాట చాలు. చాయ గ్లాసు కింద పెట్టిన చప్పుడుతోనే ఇంటామెకు కోపమొచ్చిందని తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ చప్పుడు లేదు, ముఖం లేదు. మిగిలింది మాట ఒక్కటే. అది కూడా సగం మింగితే అవతలివాళ్లు మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. కల్పించుకునేది ఎప్పుడూ అయితే మరీ ఆశగా ఉంటుంది, లేకపోతే మరీ భయంగా ఉంటుంది.

పైసల సంగతి మూడు ముక్కల్లో చెప్పండి. ఎంత, ఎప్పుడు, ఎంత నమ్మకం. ‘‘అయితది’’, ‘‘చూద్దాం’’, ‘‘పంపిస్త తియ్’’ అనే మాటల్లో ఈ మూడూ లేవు. ‘‘ఏడు వేలు. ఐతారం వరకు. మేస్త్రీ ఇస్తేనే. ఇయ్యకపోతే శనారం రాత్రే ఫోన్ చేస్త’’ అంటే అన్నీ ఉన్నాయి. ఇంట్లో ఉన్నామె కూడా అట్లాగే చెప్పాలి. ‘‘పైసలు సరిపోతలేవు’’ అంటే అది అతనికి తిట్టులా తగులుతుంది. ‘‘బియ్యం బేస్తారం దాకా ఉన్నయి. పిల్ల ఫీజు రెండు వేలు పది తారీఖు లోపల కట్టాలె’’ అంటే అది లెక్క. లెక్క మీద ఎవరికీ కోపం రాదు.

‘ఊఁ’ని ఒప్పుదల అనుకోవద్దు. కథ వింటూ ఊ కొట్టే పిల్లాడు కథను ఒప్పుకున్నట్టా? వింటున్నాడని మాత్రమే. ఫోన్‌లో ‘ఆఁ, ఊఁ’ కూడా అంతే. పొలం కౌలుకు ఇచ్చే మాట, పిల్ల పెండ్లి మాట, అప్పు మాట వచ్చినప్పుడు ‘‘ఆఁ అన్నడు కదా’’ అని ముందుకు పోవద్దు. ‘‘ఇయ్యమంటవా, వద్దంటవా? ఒక్క మాట చెప్పు’’ అని అడగాలి.

పక్కన ఎవరున్నారో అడగండి. మన ఇండ్లల్లో ఫోన్ స్పీకర్ మీదే మాట్లాడతారు. అత్తమ్మ, ఆడబిడ్డ, పక్కింటి చిన్నమ్మ అందరూ వింటుంటారు. అప్పుడు కోడలు తన కష్టం ఎట్లా చెప్తుంది? ‘‘అంతా మంచిగనే ఉంది’’ అంటుంది. అతను నమ్ముతాడు. మూడు నెలలకు ఊరికొచ్చి చూస్తే ఏదీ మంచిగా ఉండదు. వారానికి ఒక్కసారైనా భార్యాభర్తలు ఇద్దరే మాట్లాడుకునే ఫోను ఉండాలి. దానికి వేళ ముందే అనుకోవాలి. తల్లికి వేరే ఫోన్ చెయ్యండి. అప్పుడు ఆమెకూ చిన్నతనం అనిపించదు.

చెడు కబురు మీ నోటి నుంచే పోవాలి. కాలికి మేకు గుచ్చుకున్నా, జ్వరమొచ్చినా, పని పోయినా ‘వాళ్లు పరేషాన్ అయితరు’ అని దాస్తాం. కానీ అదే సైటులో మన ఊరివాళ్లు ఇంకో నలుగురుంటారు. కబురు మీకంటే ముందే ఊరు చేరుతుంది, దారిలో నాలుగింతలు పెరుగుతుంది. అందుకే మీరే చెప్పండి. ముందు ‘‘నేను మంచిగనే ఉన్న, మాట్లాడుతున్న కదా’’ అనాలి. తర్వాత జరిగింది చెప్పాలి. చివరికి ఇప్పుడేం చేస్తున్నారో చెప్పాలి. ఈ వరస తిరగబడితే మొదటి మాటకే అవతల ఏడుపు మొదలవుతుంది. తర్వాత మీరేం చెప్పినా వినబడదు.

పిల్లలతో చిన్న ముచ్చట్లు మాట్లాడండి. ఆలుమగలిద్దరూ వలసపోయి, పిల్లల్ని అవ్వా తాతల దగ్గర వదిలే ఇండ్లు పాలమూరులో ఎన్నో. ‘‘మంచిగ చదువుతున్నవా?’’ అని అడిగితే పిల్లాడు ‘‘ఆఁ’’ అని ఫోన్ అవ్వకిచ్చి ఉరుకుతాడు. ‘‘మన మేకపిల్లకు కొమ్ములొచ్చినయా?’’, ‘‘ఇయ్యాల బడిల అన్నంలకు గుడ్డు పెట్టిండ్రా?’’ అని అడిగి చూడండి, ఫోన్ వదలడు. తండ్రి దూరంలో ఉన్నా తన బతుకు సంగతులు ఆయనకు తెలుసని పిల్లాడికి అనిపించాలి. అంతకంటే పెద్ద ఉపదేశం అక్కర్లేదు.

కోపంలో ఫోన్ కట్ చెయ్యొద్దు, వాయిదా వెయ్యండి. కల్లు దుకాణం నుంచి వచ్చాక, పన్నెండు గంటలు పని చేశాక మొదలైన పంచాయితీ ఏనాడూ తెగదు. ‘‘ఇప్పుడు నాకు కోపంగున్నది. రేపు పొద్దుగాల ఆరింటికి నేనే చేస్త’’ అని చెప్పి పెట్టెయ్యండి. ఆరింటికి తప్పకుండా చెయ్యండి. మాట చెప్పకుండా ఫోన్ కట్ చేస్తే అవతలివాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు.

చదువురాని తల్లిదండ్రులకు మెసేజీ రాసి ఏం లాభం? వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపండి. వాళ్లు రెండుసార్లు, మూడుసార్లు పెట్టుకొని వింటారు. లెక్క మరిచిపోయినా మళ్లీ వినొచ్చు.

పని దగ్గర: ప్రాణం తీసే పోలికలు

భాష అసలే రాకపోతే ఒక మేలుంది, జాగ్రత్తగా ఉంటాం. మోసం చేసేవి ఒకేలా వినబడే మాటలే. ‘ఆగు’, ‘ఆగే’ సంగతి చూశాం. కర్ణాటక సరిహద్దు పనుల్లో అదే మాటకు మరో చిక్కుంది. కన్నడంలో ‘ఆగు’ అంటే ‘అవు’, జరుగు అని అర్థం. ఇంకోటి ‘చాలు’. మోటారు దగ్గరో, కాంక్రీట్ మిక్సర్ దగ్గరో మనం ‘‘చాలు, చాలు!’’ అంటే ఇక ఆపమని. హిందీలో, మరాఠీలో ‘చాలూ’ అంటే నడుస్తూ ఉన్నది అని. ‘చాలూ కరో’ అంటే మొదలుపెట్టు అని. మీరు ఆపమంటున్నారు, అతను స్విచ్ వేస్తున్నాడు.

కాబట్టి పనిలోకి దిగేముందు ఒక ఒప్పందం చేసుకోవాలి. ఆపడానికి ఒక్కటే మాట, ఒక్కటే చేతి సైగ. హిందీవాళ్లుంటే ‘రుకో’, మరాఠీవాళ్లుంటే ‘థాంబా’, కన్నడిగులుంటే ‘నిల్లు’. అన్ని రాష్ట్రాలవాళ్లూ కలిసి ఉంటే ‘స్టాప్’ మేలు. దానితోపాటు అరచేయి చూపిస్తూ చెయ్యి పైకెత్తాలి. క్రేను, లిఫ్టు, లారీ ఉన్నచోట ఈల కూడా ఉండాలి. పని మొదలయ్యే ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోండి. రెండు నిమిషాల పని.

వేళలు, తేదీల్లో ఇంకో గుంత. హిందీలో ‘కల్’ అంటే నిన్నా, రేపూ. ‘పర్సోం’ అంటే మొన్నా, ఎల్లుండీ. ‘‘కల్ పైసా దియా’’ అన్నాడా, ‘‘కల్ పైసా దేంగే’’ అన్నాడా అన్నది చివరి క్రియ వింటేనే తెలుస్తుంది. గోలలో వినబడనిది అదే. వారం పేరు, తేదీ అడగండి. ‘‘శనివార్? కౌన్ సా తారీఖ్?’’ అంటే చాలు.

లెక్కల్లో కూడా తడబడతాం. డేఢ్ సౌ అంటే 150, ఢాయి సౌ అంటే 250, సాఢే తీన్ సౌ అంటే 350. సవా చార్ అంటే నాలుగుంపావు, పౌనే చార్ అంటే పావు తక్కువ నాలుగు. మరాఠీలో ఢాయిని ‘అడీచ్’ అంటారు. ‘ఉన్‌చాస్’ అంటే 49, మన చెవికి అది పచాస్ లాగే ఉంటుంది. సిగ్గుపడకుండా ఫోన్‌లో అంకె కొట్టి చూపించండి. అంకెకు అన్ని రాష్ట్రాల్లో ఒకటే రూపం.

పైసల మాటల్లో రెండు ముందే తెలుసుకోవాలి. ‘ఖర్చీ’ అని వారం వారం ఇచ్చేది జీతం మీద అదనం కాదు. జీతంలోంచి ముందుగా ఇచ్చి, చివర పట్టుకునేది. ‘హాజరీ’ అంటే ఒక రోజు పని లెక్క. రాత్రి దాకా ఉంటే ‘డేఢ్ హాజరీ’ అంటారు, అంటే ఒకటిన్నర రోజు. ఎన్ని గంటలకు ఒక హాజరీ, ఎన్ని గంటలు దాటితే డేఢ్ అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఆఖరి రోజు అడిగితే అది కొట్లాట అవుతుంది.

చెప్పింది అర్థమైందా లేదా అన్నది ఎట్లా తెలుసుకోవాలి? ‘‘సమఝ్ గయా?’’ అని అడిగితే కొత్త కూలీ ఎవరైనా ‘‘హాఁ’’ అనే అంటాడు. లేదంటే మొద్దు అనుకుంటారని భయం. ‘‘ఇప్పుడు నువ్వేం చేస్తవో చెప్పు’’ అని అడగండి. అతని నోటితో చెప్పించుకుంటే మీ మాట ఎక్కడ జారిందో అక్కడే దొరుకుతుంది. హిందీవాళ్ల ‘అచ్ఛా’ కూడా మన ఊ లాంటిదే, చాలాసార్లు దానర్థం ‘వింటున్నా’ అని. మనం ఒప్పుకుంటూ తల పక్కలకు ఆడిస్తాం. కొత్తవాళ్లకు అది ‘వద్దు’ అన్నట్టుంటుంది. నోటితో అవును, కాదు అని చెప్పడం అలవాటు చేసుకోండి.

మనకు కొంత కలిసొచ్చేది కూడా ఉంది. హైదరాబాద్ ఉర్దూలో ‘నక్కో’ అనే మాట మరాఠీ ‘నకో’ నుంచి వచ్చిందే. పుణెలో దిగిన రోజు నుంచే పనికొస్తుంది. ఊరి సంతలో ఉర్దూ, సరిహద్దులో కన్నడం చెవిన పడి పెరిగిన పాలమూరు మనిషికి మూడో భాష కొండ కాదు.

నోటి మాటకు కాగితం తోడు

భాష కూలీ హక్కేనని చట్టం ఎప్పుడో గుర్తించింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలని చెప్పింది. అందులో పని చోటు, ఎన్నాళ్లు, కూలి రేటు, ఎట్లా చెల్లిస్తారు, ఏమేం కోస్తారు అన్నవి హిందీ, ఇంగ్లీషుల్లో ఉండాలి. కార్మికుడి భాష వేరైతే ఆ భాషలోనూ ఉండాలి. ఆ చట్టాన్ని 2020లో వచ్చిన కార్మిక కోడ్‌లో కలిపేశారు. పాస్‌బుక్ చేతికొచ్చిందా అని అడ్డా మీద అడిగితే నవ్వేవాళ్లే ఎక్కువ.

అందుకని సొంత పాస్‌బుక్ పెట్టుకోండి. పది రూపాయల నోటుబుక్కు. తేదీ, హాజరీ, తీసుకున్న ఖర్చీ, మేస్త్రీ చెప్పిన రేటు. వారానికోసారి ఆ పేజీ ఫొటో తీసి ఇంటికి పంపండి. గుత్తేదారుతో ఫోన్‌లో రేటు మాట్లాడాక, ‘‘మీరు రోజుకు ఇంత అన్నరు, ఫలానా తేదీ నుంచి’’ అని అతనికే వాట్సాప్‌లో గొంతు పంపండి. కొట్లాడటానికి కాదు ఇది, ఇద్దరికీ ఒకే మాట గుర్తుండటానికి. బయానా తీసుకున్నవాళ్లకు ఇది మరీ అవసరం. ఎంత తీసుకున్నారు, ఎన్ని నెలల పనికి అన్నది ఇంటివాళ్లకు కూడా తెలిసి ఉండాలి.

మీ కింద పరాయి రాష్ట్రం వాళ్లుంటే

మేస్త్రీలు, మిల్లు గుమస్తాలు, బట్టీ యజమానులు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు ఈ ముక్క చదవాలి. ముంబైలో మనల్ని ‘‘ఏయ్ మద్రాసీ’’ అంటే ఎట్లా మండుతుందో ‘‘ఏయ్ బిహారీ’’ అన్నప్పుడు అతనికీ అట్లాగే మండుతుంది. పేరుతో పిలవండి. పెద్దవాడైతే ‘భయ్యా’, ‘చాచా’ అనండి. మన దగ్గర అన్నా, కాకా అని వరస పెట్టి పిలవనిదే ఎవరితోనూ పని జరగదు కదా. ‘‘తిన్నవా?’’ అని వాళ్ల భాషలో ఎట్లా అంటారో మొదటి రోజే అడిగి నేర్చుకోండి. ఆ ఒక్క మాట చేసే పని పది ఆర్డర్లు చెయ్యవు.

తిండి, పండుగ చిన్న విషయాలు కావు. మూడు పూటలా రొట్టె తినే మనిషికి రోజూ అన్నం సాంబారు పెట్టి, పని మందమయిందంటే ఎట్లా? బతుకమ్మకు ఆడబిడ్డను పుట్టింటికి పంపకపోతే మనకు ఎంత లోటో, దీపావళి దాటిన ఆరో రోజు ఛఠ్ పూజకు ఇంట్లో లేకపోతే బిహార్ మనిషికి అంత లోటు. బలాంగీర్ కుటుంబాలు కొత్త బియ్యం తినే నువాఖాయి పండుగ చేసుకొని, తర్వాతే బట్టీలకు బయలుదేరతాయి. వాళ్ల క్యాలెండరు తెలిస్తే సెలవుల గొడవ సగం తగ్గుతుంది. ‘చెప్పకుండా పోయిండు’ అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ‘చెప్తే పోనియ్యరు’ అన్న భయం ఉంటుంది.

కూలీలను తెచ్చే సర్దార్ ఒక్కడితోనే మాట్లాడి ఊరుకోవద్దు. మధ్య మనిషికి రెండు భాషలూ వస్తాయి, అందులో అతని లాభమూ ఉంటుంది. రేటు, కోతలు, సెలవు కూలీలందరూ కూర్చున్నప్పుడు చెప్పండి. హిందీలోనో ఒడియాలోనో రాసి గోడకు అంటించండి. ఆడవాళ్లున్న చోట వాళ్లతో మాట్లాడటానికి ఒక ఆడమనిషిని పెట్టండి. కడుపు నొప్పి అనో, నెలసరి అనో, మరుగుదొడ్డి లేదనో ఏ ఒడియా అమ్మాయీ మగ సూపర్‌వైజరుకు మీ భాషలో చెప్పుకోలేదు.

తెలుగుకు తెలుగే అడ్డం వస్తే

వేరే భాషవాళ్లతో జాగ్రత్త పడతాం గానీ తెలుగువాళ్ల మధ్య కూడా గుంతలున్నాయి. పాలమూరు పిల్ల హైదరాబాద్ ఆఫీసులో ‘‘మా నాయిన వచ్చిండు’’ అంటే పక్క సీటు గుంటూరు అమ్మాయికి కొంచెం ముల్లులా ఉంటుంది. ఆమె ఇంట్లో ‘నాన్నగారు వచ్చారు’ అంటారు. నల్లగొండ పిల్లాడు టీమ్ పెద్దాయన్ను ఆప్యాయంగా ‘‘నువ్వెప్పుడొస్తవ్ అన్నా?’’ అంటే, ఆయన గోదావరి మనిషైతే మొహం ముడుచుకుంటాడు. మన దగ్గర నువ్వు అనడంలో దగ్గరితనం ఉంది. వాళ్ల దగ్గర ‘అండీ’ లేకపోతే మర్యాద లేదు. తప్పు ఎవరిదీ కాదు.

కొత్త ఆఫీసులో మొదట అందరినీ ‘మీరు’ అనండి. పరిచయం పెరిగాక ‘‘మా దిక్కు ఇట్లనే పిలుచుకుంటం, ఏమనుకోవద్దు’’ అని ఒక్కసారి నవ్వుతూ చెప్పేస్తే సరిపోతుంది. కోస్తా వాళ్లకు కూడా ఒక మాట. ఎదుటి మనిషి మాటలో ‘అండీ’ లేదని గౌరవం లేదనుకోకండి. కొత్త కూలీని ‘‘పైలం, పైలం!’’ అని మన మేస్త్రీ హెచ్చరిస్తే, జాగ్రత్త అంటున్నాడని కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరుకు తెలియకపోవచ్చు. మిత్తి, దవఖాన, బిరాన, ఐతారం వంటి మాటలు మానుకోనక్కర్లేదు. అవతలివాళ్ల కళ్లలో ప్రశ్న కనబడితే ఇంకో మాట కలిపి చెప్పండి.

తండాల సంగతి వేరు. దేవరకొండ, అచ్చంపేట, జడ్చర్ల చుట్టూ లంబాడా ఇండ్లల్లో గోర్‌బోలి మాట్లాడతారు. అక్కడి పిల్లకు ‘యాడి’ అంటే తల్లి. బడిలో టీచర్ ‘‘యాడికి పోయినవ్?’’ అంటే ఆ పిల్ల తల్లి మాటే వినబడిందనుకోవచ్చు. టీచర్లు, ఆశా కార్యకర్తలు, బ్యాంకు సిబ్బంది పది గోర్‌బోలి మాటలు నేర్చుకుంటే తండాలో తలుపులు తెరుచుకుంటాయి. తెలుగు రాదని పిల్లను వెనక బెంచీలో కూర్చోబెట్టే ముందు ఆమె ఇప్పటికే రెండో భాషలో చదువుతోందని గుర్తు చేసుకోవాలి.

సముద్రం దాటితే

గల్ఫ్‌కు పోయేవాళ్లు సంతకానికి ముందు కాంట్రాక్టు కాగితం మీకు తెలిసిన భాషలో ఎవరితోనైనా చదివించుకోండి. పని పేరు, జీతం, గంటలు, తిండి ఎవరిది అన్న నాలుగు ముక్కలు ఏజెంటు నోటి మాటతో సరిపోతున్నాయో లేదో చూడండి. రాష్ట్ర ప్రభుత్వం నడిపే టామ్‌కామ్ సంస్థ ద్వారా పోయే దారి కూడా ఉంది. చిక్కులో పడితే ఇంటివాళ్లు ఇక్కడి నుంచి చెయ్యడానికి ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర, సౌదీది రెండున్నర గంటలు వెనక. ఇంటివాళ్లకు ఈ లెక్క చెప్పండి. మీ పని వేళలో వచ్చిన ఫోన్ ఎత్తకపోతే ఇక్కడ ఇంకేదో అనుకుంటారు.

అమెరికాలో ఉన్న కొడుకు, సూర్యాపేటలో ఉన్న తల్లి సంగతి ఇంకోటి. ‘‘అన్నం తిన్నవా?’’ అని ఆమె రోజూ అడుగుతుంది. వాడు విసుక్కుంటాడు. ఆమె అడిగేది అన్నం గురించి కాదని వాడికీ తెలుసు, చెప్పడానికి మాత్రం ఏమీ దొరకదు. తినే కంచం ఫొటో ఒకటి పంపితే ఆమెకు ఆ రోజుకు చాలు. ఆఫీసులో ఇంకో అలవాటు మార్చుకోవాలి. గడువులోగా పని కాదని తెలిసినా మన వాళ్లు ‘‘ట్రై చేస్తా’’ అంటారు. అక్కడి మేనేజరు దాన్ని ‘అవుతుంది’ అని రాసుకుంటాడు. కోస్గి ఇంట్లో ‘అయితది’ చేసిన పనే అక్కడ ఈ మాట చేస్తుంది. ‘‘ఈ శుక్రవారానికి కాదు, మంగళవారానికి ఇస్తా’’ అని ముందే చెప్పడం అక్కడ మర్యాద.

మాట తెగినప్పుడు

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు మాట తప్పుతుంది. అప్పుడు మూడు పనులు. మొదటిది, తప్పు మీదైతే ‘‘నేను సరిగ చెప్పలే’’ అనండి. ‘‘నీకు సమజ్ కాలే’’ అనకండి. అర్థం ఒకటే అయినా ముందు మాట గొడవను చల్లారుస్తుంది, వెనక మాట రాజేస్తుంది. రెండోది, మధ్య మనిషిని పెట్టుకుంటే ఇద్దరూ నమ్మే ఒక్కరినే పెట్టుకోండి. ఆలుమగల మాట ఊరి పెద్దమనుషుల పంచాయితీకి పోతే, తీర్పు దొరికినా మనసు మాత్రం దొరకదు. మూడోది, భారం మోయలేనిదైతే అడగడానికి సిగ్గుపడకండి. మనసు కుంగినా, నిద్ర పట్టకపోయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లు 181కి చెయ్యాలి. అది అపార్థం కాదు, నేరం. దాన్ని మాటతో సరిదిద్దుకొమ్మని ఎవరూ చెప్పకూడదు.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తారు కదా. పెట్టేసే ముందు ఒక్క మాట అడగండి: ‘‘నేను చెప్పింది నీకేమర్థమైంది? ఒక్కసారి చెప్పు.’’ రేపు పొద్దున పని మొదలయ్యే ముందు పక్కనున్న బిహార్ తమ్ముణ్ని కూడా అదే అడగండి. వాళ్లు చెప్పేదాకా ఓపిక పట్టి వినండి.